రెడింగ్ దగ్గర పెద్దవాళ్ళతో తేలిగ్గా నడవగలిగే సుద్ద కొండలు, పాత కొండకోటలు

ఇంగ్లండ్‌లో రెడింగ్‌లో ఉంటూ మీరడిగిన ప్రశ్న మొత్తం చదివానండి. జూన్‌లో అమ్మానాన్నలు ఒంగోలు దగ్గర ఊరి నుంచి వస్తున్నారు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారు జీవితమంతా వ్యవసాయం చేసిన మనిషి, ఆరేళ్ళ పాప ఉంది, లండన్ పోయినసారే చూపించేశారు. ఈసారి పల్లె వైపు, కొండల మీద, కాస్త చరిత్ర ఉండి కష్టపడకుండా నడిచే చోట్లు కావాలన్నారు. కారు అన్ని వారాంతాలూ దొరకదన్నారు. చివర్లో సెవెన్ సిస్టర్స్ (దక్షిణ తీరంలో సముద్రం ఒడ్డున ఉన్న తెల్ల సుద్ద కొండలు) తీసుకెళ్ళొచ్చా అని కూడా అడిగారు. నేను ఈ కొండల్లో చాలా ఏళ్ళుగా నడుస్తున్నాను, మా ఇంటికొచ్చిన పెద్దవాళ్ళందర్నీ ఇక్కడికే తీసుకెళ్తాను, అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక్క విషయం పట్టుకోండి. ఎక్కే పని కారుకి వదిలేసి మీరు పైన నడవండి. ఈ సుద్ద కొండల ఆకారమే దానికి వీలుగా ఉంటుంది. బెర్క్‌షైర్, ఆక్స్‌ఫర్డ్‌షైర్, విల్ట్‌షైర్ వైపు వీటికి ఉత్తరం పక్క నిటారుగా ఉంటుంది, దక్షిణం పక్క మెల్లగా మైళ్ళ తరబడి వాలుతుంది, రెండిటి మధ్యా పైన పొడుగ్గా, దాదాపు చదునుగా ఒక గట్టు సాగుతుంది. ఆ గట్టు మీదే పాతకాలపు దారులున్నాయి, కోటలూ అక్కడే ఉన్నాయి, చాలాచోట్ల చిన్న కార్ పార్కు కూడా పైనే ఉంది. ఇంటర్నెట్‌లో "ఈజీ వాక్, అయిదు మైళ్ళు" అని కనిపించేవాటిలో సగం కింద ఊళ్ళో పబ్ దగ్గర మొదలై నూట యాభై మీటర్లు ఎక్కించి మళ్ళీ దింపుతాయి. రాసినవాళ్ళకి అది నిజంగా ఈజీయే. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి ఎక్కడం కంటే దిగడమే నరకం, అదీ తడిసిన సుద్ద మీద. కాబట్టి ఎన్ని మైళ్ళో తర్వాత చూడండి, ఎంత ఎత్తు ఎక్కాలో ముందు చూడండి. ఇక్కడి ప్రభుత్వ మ్యాప్ సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వాళ్ళ నారింజ అట్ట ఎక్స్‌ప్లోరర్ మ్యాప్‌లో ఎత్తు చూపే సన్నటి గోధుమరంగు గీతలు ఉంటాయి, ఈ ప్రాంతంలో గీతకీ గీతకీ అయిదు మీటర్ల తేడా. మీ దారి ఎన్ని గీతల్ని కోసుకుంటూ పోతుందో లెక్కపెడితే చాలు, ఇంట్లో కూర్చునే తెలిసిపోతుంది.

రెండో సంగతి ఎవరూ చెప్పరు, కానీ అమ్మగారికి ఇదే ముఖ్యం. ఇక్కడ పొలాల మధ్య కాలిబాటల్లో కంచె వచ్చినచోట చెక్కతో ఒక మెట్టు కట్టి ఉంటుంది, దాన్ని స్టైల్ అంటారు. దానిమీద కాలు పెట్టి, ఇంకో కాలు పైనుంచి అవతలికి వెయ్యాలి. చీరతో, మోకాళ్ళ నొప్పితో అది జరిగే పని కాదు. మ్యాప్‌లో స్టైల్స్ కనిపించవు. అందుకని దారి రకం చూసి ఎంచుకోండి: పసుపు బాణం ఉంటే మనుషులకి మాత్రమే, అక్కడ స్టైల్ ఉండొచ్చు. నీలం బాణం గుర్రాలు కూడా వెళ్ళే దారి, గుర్రం స్టైల్ దాటలేదు కాబట్టి అక్కడ తప్పకుండా గేటే ఉంటుంది. ఎరుపు, ఊదా బాణాలున్నవి బండ్లు తిరిగిన పాత బాటలు, ఇంకా వెడల్పు. పెద్దవాళ్ళతో వెళ్ళేటప్పుడు నేను నీలం, ఎరుపు, ఊదా తప్ప పసుపు జోలికి పోను.

ఇక చోట్లు. మొదటి ఆదివారం వాల్‌బరీ హిల్‌కి వెళ్ళండి, న్యూబరీ దాటాక ఇంక్‌పెన్ ఊరి పైన ఉంటుంది, మీకు ముప్పావుగంట, కాస్త అటూ ఇటూ. చివరి రెండు మైళ్ళూ ఒక్క కారు పట్టే సందు రోడ్డు, ఎదురొస్తే వెనక్కి తియ్యాలి, టెన్షన్ పడకుండా మెల్లగా వెళ్ళండి. ఎత్తు 297 మీటర్లు, ఆగ్నేయ ఇంగ్లండ్ మొత్తంలో ఇదే ఎత్తయిన కొండ, కానీ కారు దాదాపు పైదాకా వెళ్ళిపోతుంది. పార్కింగ్ నుంచి ఒకవైపు నడిస్తే బెర్క్‌షైర్‌లోకెల్లా పెద్ద కొండకోట మధ్యలోంచే బాట వెళ్తుంది. రెండోవైపు నడిస్తే కూంబ్ గిబెట్ అనే ఎత్తయిన కొయ్య కనిపిస్తుంది, 1676లో హత్యానేరం మీద ఉరితీసిన ఒక జంట శవాల్ని ఊళ్ళన్నిటికీ కనిపించేలా అక్కడ వేలాడదీశారు. ఇప్పుడున్న కొయ్య తర్వాత మార్చి నిలబెట్టింది. అది నిలబడ్డ దిబ్బ మాత్రం కొత్త రాతియుగపు సమాధి, ఉరికొయ్యకంటే వేల ఏళ్ళు పాతది. పాపకి ఈ కథ చెప్పాలా వద్దా మీ ఇష్టం. పార్కింగ్ దగ్గర ఒక స్మారక ఫలకం ఉంది, 1944లో ఫ్రాన్స్‌లోని నార్మండీలో జర్మన్ల మెర్‌విల్ ఫిరంగి స్థావరం మీద దాడికి వెళ్ళిన పారాట్రూపర్లు ముందు ఈ కొండల దగ్గరే రిహార్సల్ చేసుకున్నారు. రెండు వైపులా కలిపినా మూడు మైళ్ళ లోపే, ఎక్కడ కావాలంటే అక్కడ వెనక్కి తిరగొచ్చు, అదే దీని గొప్ప. ఆకాశంలో తోక చీలిన ఎర్ర గద్దలు తిరుగుతుంటాయి. ఇంగ్లండ్‌లో పూర్తిగా కనుమరుగైన వాటిని 1989 నుంచి పక్కనే చిల్టర్న్ కొండల్లో మళ్ళీ తెచ్చి వదిలారు, ఇప్పుడు రెడింగ్ ఇళ్ళ మీద కూడా తిరుగుతున్నాయి కదా, అవే.

కోట అనగానే నాన్నగారు కొండవీడు ఊహించుకుంటారు, రాతి బురుజులు, మెట్లు, దర్వాజాలు. అక్కడికెళ్ళాక గొర్రెలు మేస్తున్న గడ్డి కట్టలు తప్ప ఏమీ కనిపించక "కోటేదీ?" అంటారు. కారులో వెళ్ళేటప్పుడే చెప్పెయ్యండి. ఇవి క్రీస్తుకి ముందు ఎనిమిది వందల ఏళ్ళ నుంచి రోమన్లు వచ్చేదాకా కట్టిన ఇనుపయుగపు కోటలు. లోతుగా కందకం తవ్వి, ఆ సుద్దమట్టినే లోపలివైపు కట్టగా పోసి, దాని మీద కొయ్య దడి కట్టేవాళ్ళు. కొయ్య కుళ్ళిపోయింది, కట్ట మిగిలింది. ఓరుగల్లులో రాతికోట బయట చుట్టూ ఉన్న మట్టికోట చూసినవాళ్ళకి వెంటనే అర్థమవుతుంది. కొత్తగా కట్టినప్పుడు వీటికి గడ్డి లేదు, సుద్ద కాబట్టి తెల్లగా మెరిసిపోతూ చాలా దూరానికి కనిపించేవి. ఒకసారి కట్ట పైనుంచి కందకం అడుగుకి చూసి, అదంతా దుప్పికొమ్ములతో, ఎముక పారలతో, కొయ్య, ఇనుప పనిముట్లతో మనుషులు తవ్వారని చెప్పండి, మట్టి పని చేసిన మనిషికి ఇంకేమీ వివరించక్కర్లేదు.

రెండో చోటు అఫింగ్టన్. మీకు దాదాపు గంట. ఒక్కటే చూడగలిగితే ఇదే చూడండి అని నేనంటాను, ఎందుకంటే అరమైలు లోపల మూడు నాలుగు సంగతులున్నాయి. కొండ వాలు మీద సుద్దతో నింపిన 110 మీటర్ల పొడుగు తెల్లగుర్రం బొమ్మ, దాదాపు మూడు వేల ఏళ్ళ నాటిది. 1990లలో ఆ సుద్ద అడుగున ఉన్న మట్టికి చివరిసారి ఎండ ఎప్పుడు తగిలిందో కొలిచే పద్ధతిలో పరీక్ష చేసి కాలం తేల్చారు, అంతకుముందు చాలామంది దాన్ని రోమన్ల తర్వాత వచ్చిన ఆంగ్లో-శాక్సన్ల పని అనుకునేవాళ్ళు. నాకు దీని మీద ఉన్న అభిమానం అంతా ఎందుకంటే, ఈ బొమ్మ దానంతటది నిలవదు. కలుపు తియ్యకుండా, కొత్త సుద్ద దంచి నింపకుండా కొన్ని దశాబ్దాలు వదిలేస్తే గడ్డి కమ్మేస్తుంది. అంటే రాజ్యాలు మారినా, భాష మారినా, దేవుళ్ళు మారినా చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు తరం తర్వాత తరం వచ్చి కలుపు తీస్తూనే ఉన్నారు. రెండో ప్రపంచయుద్ధంలో మాత్రం జర్మన్ విమానాలకి గుర్తు కాకూడదని కప్పేశారు, తర్వాత మళ్ళీ తెరిచారు. ఇప్పుడు పాత కట్టడాల్నీ స్థలాల్నీ కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చూసుకుంటుంది, వేసవిలో సుద్ద దంచడానికి వాలంటీర్లని పిలుస్తుంటారు, పిల్లల్ని కూడా రానిస్తారు, తేదీలు వాళ్ళ సైట్‌లో చూసుకోండి, పాపకి చిన్న సుత్తి ఇస్తే ఆ రోజు మర్చిపోదు.

కానీ ఒకటి, గుర్రం పక్కన నిలబడితే గుర్రం కనిపించదు. తలా, కన్నూ, ఒక వంపు కనిపిస్తాయంతే. మొత్తం చూడాలంటే ఉత్తరం వైపు కింద మైదానంలో రోడ్ల మీంచి చూడాలి, లేదా డ్రోన్ ఫొటో. వెళ్ళేటప్పుడు ఆ వైపు నుంచి వెళ్తూ కారు ఎక్కడైనా సరైన చోట ఆపి చూపించండి, తర్వాత పైకి వెళ్ళండి. బొమ్మ మీద ఎవరూ కాలు పెట్టకూడదు. పార్కింగ్ నుంచి మెల్లగా వాలెక్కితే పదిహేను ఇరవై నిమిషాలు, అమ్మగారికి మధ్యలో రెండుసార్లు ఆగితే సరిపోతుంది. పైన అఫింగ్టన్ కాజిల్ అనే కొండకోట ఉంది, చుట్టూ కందకం, కట్ట, లోపలంతా చదును, కట్ట మీద చుట్టూ తిరిగితే పావుగంట పైమాట. 261 మీటర్లు, ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో ఎత్తయిన చోటు. కింద పైభాగం చెక్కేసినట్టున్న చిన్న గుట్ట డ్రాగన్ హిల్, సెయింట్ జార్జ్ డ్రాగన్‌ని చంపింది అక్కడేనని, దాని రక్తం పడ్డచోట గడ్డి మొలవదని చెప్పుకుంటారు, గుట్ట మీద నిజంగానే తెల్లగా ఒక బోసి మచ్చ ఉంటుంది. దిగి ఎక్కడం పెద్దవాళ్ళకి అనవసరం, పైనుంచి చూస్తే చాలు.

నడిచే ఓపిక ఉన్నవాళ్ళు కోట పక్కనుంచే పోయే రిడ్జ్‌వే పట్టుకుని పడమటికి మైలున్నర నడిస్తే చెట్ల గుంపులో వేలండ్స్ స్మిదీ వస్తుంది, అయిదున్నర వేల ఏళ్ళ నాటి రాళ్ళ సమాధి. రాత్రి గుర్రాన్ని అక్కడ కట్టేసి ఒక వెండి నాణెం పెట్టి వెళ్తే తెల్లారేసరికి ఎవరికీ కనిపించని కమ్మరి లాడాలు కొట్టి ఉంచుతాడని కథ. రిడ్జ్‌వే 87 మైళ్ళ జాతీయ నడకదారి, ఏవ్‌బరీ దగ్గర మొదలై ఐవింగ్‌హో బీకన్ దాకా పోతుంది, ఇక్కడ వెడల్పుగా బండిబాటలా ఉంటుంది, వాన పడితే గుంతల్లో నీళ్ళు నిలుస్తాయి. అమ్మగారూ పాపా కోటలోనే దుప్పటి పరుచుకుని కూర్చుంటే మీరూ నాన్నగారూ వెళ్ళి రావొచ్చు.

నాన్నగారి కోసం ప్రత్యేకంగా చెప్పాలంటే డేన్‌బరీ. హ్యాంప్‌షైర్‌లో స్టాక్‌బ్రిడ్జ్ దగ్గర, మీకు దాదాపు గంట. చిన్న కోటే, పార్కింగ్ నుంచి కాస్త ఎక్కితే వచ్చేస్తుంది, కానీ బ్రిటన్‌లో ఇంత వివరంగా తవ్విన కొండకోట ఇంకోటి లేదంటే తప్పు కాదు. బారీ కన్‌లిఫ్ అనే ఆర్కియాలజిస్టు 1969 నుంచి 1988 దాకా వేసవి వేసవికీ తవ్వి లోపలి స్థలంలో సగానికి పైగా బయటపెట్టారు. దొరికినవాటిలో ముఖ్యమైనవి రెండు వేలకి పైగా గోతులు, సుద్దలోకి తవ్వినవి, కొన్ని మనిషి లోతు దాటినవి, చాలావాటికి పైన ఇరుకు, కింద వెడల్పు. చాలావరకు ధాన్యం దాచుకున్నవే. మన దగ్గర జొన్నలు పాతరేసేవాళ్ళు చూడండి, సరిగ్గా అదే పద్ధతి! గింజలు నింపి పైన మట్టితో గాలి దూరకుండా మూసేస్తే, గోడ పక్కనున్న కాసిని గింజలు ఊపిరి తీసుకుని లోపలున్న ఆక్సిజన్ అంతా వాడేస్తాయి, బొగ్గుపులుసు వాయువు నిండిపోతుంది, ఇక మిగతా గింజ మొలకెత్తదు, పురుగు బతకదు. ఇది నిజంగా పనిచేస్తుందా అని హ్యాంప్‌షైర్‌లోనే బట్సర్ ఏన్షియంట్ ఫామ్‌లో పీటర్ రెనాల్డ్స్ అనే ఆయన 1970లలో అలాంటి గోతులు తవ్వి ధాన్యం పోసి ప్రయోగాలు చేశారు, చలికాలమంతా ఉంచి తీసినా విత్తనం బాగా మొలకెత్తింది. పాతర సంగతి తెలిసిన మనిషి ఆ కట్ట మీద నిలబడితే గైడు చెప్పలేనివి ఆయనే మీకు చెప్తారు, పాపని పక్కన కూర్చోబెట్టండి. ఆ బట్సర్ ఫామ్ ఇప్పుడు టికెట్ పెట్టి చూపిస్తారు, పీటర్స్‌ఫీల్డ్ దాటాక ఉంటుంది, ఇనుపయుగపు గుండ్రటి గుడిసెలు మళ్ళీ కట్టి పెట్టారు, లోపలికి వెళ్ళి కూర్చోవచ్చు. కోటల్లో ఏమీ మిగలలేదు కాబట్టి పిల్లలకి అవి చూశాకే ఊహ అందుతుంది.

సుద్ద గురించి కూడా రెండు ముక్కలు, ఎందుకంటే నల్లరేగడిలో బతికిన రైతు ఈ నేల చూసి తప్పకుండా అడుగుతారు. డైనోసార్ల కాలంలో ఇక్కడ వెచ్చటి సముద్రం ఉండేది, అందులో కంటికి కనపడని నాచుజీవుల పెంకులు కోట్ల ఏళ్ళు అడుగున పేరుకుని ఈ మెత్తటి తెల్లరాయి అయింది. మధ్యలో వరసలుగా కనిపించే నల్లటి గాజులాంటి గుండ్లు చెకుముకి రాళ్ళు. సుద్ద మీద మట్టి జానెడు కూడా ఉండదు, పడిన వాన పడినట్టు లోపలికి ఇంకిపోతుంది, అందుకే కొండల మీద వాగూ చెరువూ ఏదీ కనిపించదు, నల్లరేగడికి పూర్తిగా తిరగబడ్డ స్వభావం. ఆ నీళ్ళు లోపల వడకట్టుకుని కొండ పాదంలో ఊటలుగా పైకొస్తాయి, ఊళ్ళన్నీ ఆ వరసలోనే ఉంటాయి. మీ కెటిల్ అడుగున తెల్లగా పేరుకునేది కూడా ఈ సుద్దే. సారం లేని నేల, పైగా వందల ఏళ్ళు గొర్రెలు కొరికిన గడ్డి కాబట్టి ఏ ఒక్క మొక్కా మిగతావాటిని తొక్కేసి పెరగలేదు, మంచిచోట ఒక్క చదరపు మీటరులో నలభై రకాల దాకా మొక్కలుంటాయి. జూన్‌లో కింద కూర్చుని చూస్తే చిన్న చిన్న ఆర్కిడ్ పూలు కనిపిస్తాయి, కొయ్యొద్దని పాపకి ముందే చెప్పండి.

కారు లేని రోజుకి వించెస్టర్ వెళ్ళండి, రెడింగ్ నుంచి నేరుగా రైలుంది. ఊళ్ళోంచి ఇచెన్ నది పక్కనే చదునైన బాట, నీళ్ళు అద్దంలా ఉంటాయి, అది సుద్ద ఊటల నది కాబట్టి. ఆ బాట చివర సెయింట్ కేథరిన్స్ హిల్ అనే కొండకోట ఉంది, మెట్లున్నాయి కానీ చాలా, నిటారుగా. ఓపికున్నవాళ్ళు ఎక్కుతారు, అమ్మగారు నది పక్క బెంచీ మీద కూర్చుంటారు, ఎవరికీ ఇబ్బంది లేదు. బ్రైటన్ వెళ్ళే పని పడితే అక్కడినుంచి 77 నంబరు బస్సు డెవిల్స్ డైక్ పైదాకా తీసుకెళ్తుంది, వంద మీటర్ల లోతు ఎండిన లోయ, పక్కనే కోట కట్టలు, దూరంగా సముద్రం. పైన పబ్ ఉంది, టాయిలెట్ సమస్య లేదు.

డోర్సెట్ సముద్రతీరానికి వారాంతం వేసుకుంటే మాత్రం మెయిడెన్ కాజిల్ వదలొద్దు. డోర్చెస్టర్ పక్కన, ప్రవేశం ఉచితం. లోపలి స్థలమే దాదాపు 19 హెక్టార్లు, ఒకదాని వెనక ఒకటి కట్టలు, మెలికలు తిరిగిన ద్వారాలు. కొంచెం ఎక్కాలి, గాలి తోసేస్తుంది. దీన్ని 1934లో తవ్వించడం మొదలుపెట్టింది ఆర్కియాలజిస్టులు మార్టిమర్ వీలర్, టెస్సా వీలర్ దంపతులు. ఆ మార్టిమర్ వీలరే 1944లో మన ఆర్కియలాజికల్ సర్వేకి డైరెక్టర్ జనరల్‌గా వచ్చి పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వించారు. ఇక్కడ ద్వారం దగ్గర దొరికిన అస్థిపంజరాలు చూసి రోమన్ల దాడిలో చనిపోయినవాళ్ళని ఆయన రాశారు, దశాబ్దాల పాటు అందరూ అదే చెప్పారు. 2025లో బోర్న్‌మత్ యూనివర్సిటీవాళ్ళు రేడియోకార్బన్ తేదీలు వేసి, ఆ మరణాలు ఒక్కరోజువి కావు, కొన్ని దశాబ్దాల్లో వేర్వేరు గొడవల్లో జరిగినవి అని చూపించారు. పాత పుస్తకాల్లో, బ్లాగుల్లో ఇంకా రోమన్ దాడి కథే ఉంటుంది.

జాగ్రత్తలు. పైన నీడ ఉండదు, నీళ్ళుండవు, చాలాచోట్ల టాయిలెట్లుండవు, కాబట్టి దారిలో మోటర్‌వే సర్వీసెస్‌లోనో ఊళ్ళోనో ఆగి వెళ్ళండి. జూన్ ఎండ చూసి మోసపోవద్దు, గట్టు మీద గాలి కొడుతుంది, అమ్మగారికి స్వెటరూ చెవులకి స్కార్ఫూ ఉండాల్సిందే. చీర ఫర్వాలేదు, చెప్పులు మాత్రం వద్దు, అడుగు గాట్లున్న షూస్ కొనివ్వండి, ఒక ఊతకర్ర కూడా. తడిసిన సుద్ద సబ్బులా జారుతుంది, ముందురోజు బాగా వాన పడితే కొండ మానేసి వించెస్టర్ వెళ్ళండి. గడ్డిలో పిడుదులుంటాయి, కొన్నిటివల్ల లైమ్ జబ్బు వస్తుంది, ఇంటికొచ్చాక కాళ్ళు, మోకాలి వెనక, పాపకి తలలో కూడా చూడండి, కొన్ని వారాల్లోపు చర్మం మీద గుండ్రంగా ఎర్రటి వలయం పెరుగుతుంటే డాక్టర్‌కి చూపించండి. ఇంకోటి, నాన్నగారు పశువులతో మెలిగినవారు కదా, ఆవు కనిపించగానే దగ్గరికెళ్ళి నిమరబోతారు. ఇక్కడి ఆవులు మనుషులకి అలవాటుపడినవి కావు, దూడ పక్కనుంటే మీదికి వస్తాయి, దూరంగా చుట్టు తిరిగి వెళ్ళాలి, పరిగెత్తకూడదు. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, తెరిచుంటే తెరిచే. కోటలన్నీ చట్టం కింద రక్షితాలు, రాయి ఏరుకోవడం, తవ్వడం ఏదీ చెయ్యొద్దు, కట్ట ఎక్కేటప్పుడు అరిగి తెల్లగా కనిపించే చోట కాకుండా మెట్లు వేసినచోట ఎక్కండి. పులిహోర, పెరుగన్నం కట్టుకెళ్ళండి, కట్ట లోపలివైపు కూర్చుంటే గాలి తగలదు.

ఇక సెవెన్ సిస్టర్స్. ఫొటోల్లో చూసి అందరూ అడుగుతారు. ఆ ఏడు గుట్టలూ వరసగా నిటారుగా ఎక్కి దిగాలి, అమ్మగారితో వద్దు. పైగా ఆ సుద్ద అంచు చెప్పకుండా విరిగి పడుతుంది, పైన నిలబడ్డవాళ్ళకి కింద బోలుగా ఉందో లేదో కనపడదు, పాపని అక్కడ వదలడం నాకు ఇష్టం లేదు. వాటిని చూడాలంటే ఎక్సీట్ దగ్గర కారు ఆపి, కక్‌మియర్ నది పక్క చదును బాటలో మైలున్నర నడిచి సముద్రం దగ్గరికి వెళ్ళండి, కొండలు అక్కడినుంచి బాగా కనిపిస్తాయి. గులకరాళ్ళ ఒడ్డు మొదలయ్యేచోట అమ్మగారిని ఆపెయ్యండి, అది మోకాళ్ళకి మంచిది కాదు, కొండల కిందికి అసలే వెళ్ళొద్దు.